బొగ్గుపులుసు వాయువు: పట్టడం వేరు, తీయడం వేరు

సున్నపు తేటలోనికి గొట్టంతో ఊదితే అది పాలవలె తెల్లబడుతుంది. ఉన్నత పాఠశాలలో ఈ ప్రయోగం చూడని విద్యార్థి ఉండడు. ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువు, అనగా కార్బన్ డై ఆక్సైడు, సున్నంతో కలిసి సున్నపురాయిగా మారుతుంది. ఆ రాతిపొడియే తెల్లదనానికి కారణం. అయితే గాలిలోని వాయువు తొలగిపోయినట్లే గదా అని విద్యార్థి అడుగవచ్చును. కాని ఆ సున్నం ఎక్కడిది? బట్టీలో సున్నపురాయిని కాల్చగా వచ్చినది. నూరు కిలోల స్వచ్ఛమైన సున్నపురాయిని కాల్చితే 56 కిలోల సున్నం మిగులుతుంది, 44 కిలోల వాయువు గాలిలో కలుస్తుంది. ఆ సున్నం అంతా తిరిగి గ్రహించగలిగినది ఆ 44 కిలోలను మాత్రమే. బట్టీలో మండిన బొగ్గు పొగ దానికి అదనం. లెక్క ముగించి చూస్తే గాలిలోని వాయువు తగ్గలేదు, పెరిగినది.

ఈ చిన్న లెక్కను మరచిపోతే ఎంత పెద్ద ప్రభుత్వ విధానమైనా దారి తప్పుతుంది. నేడు అనేక దేశాల ప్రభుత్వాలు గాలిలోని బొగ్గుపులుసు వాయువును పారిశ్రామిక పద్ధతులలో తొలగించడానికి ధనం వెచ్చిస్తున్నవి. మన దేశం కూడా ఆ మార్గంలో అడుగుపెట్టినది. ఆ విధానంలోని మంచి ఎంత, లోపం ఎంత అన్నది ఇక్కడి పరిశీలన. ఇందుకు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలను ఉదాహరణగా తీసుకొందాము. 2016 అక్టోబరులో పాత మహబూబ్‌నగర్ జిల్లానుండి ఏర్పడిన ఈ మూడు జిల్లాలు వ్యవసాయమే జీవనాధారంగా గలవి. పెద్ద పొగగొట్టాలతో ముడిపడిన విధానం ఇటువంటి ప్రాంతానికి ఏమి చెబుతున్నదో చూస్తే దాని బలాబలాలు బాగా తెలుస్తవి.

ముందుగా అవసరం ఎంతటిదో చూతము. 1958లో హవాయి ద్వీపంలోని మౌనలోవా పర్వతంపై కొలతలు ప్రారంభమైనప్పుడు గాలిలో పది లక్షల పాళ్ళకు 315 పాళ్ళ బొగ్గుపులుసు వాయువు ఉండేది. 2024లో ప్రపంచ సగటు 422 పాళ్ళు దాటినది. బొగ్గు, చమురు, సహజవాయువు, సిమెంటు కారణంగా ప్రపంచం ఏటా 3,700 కోట్ల టన్నులకు పైగా వెలువరిస్తున్నది. వాతావరణ మార్పుపై అంతర్జాతీయ శాస్త్రజ్ఞుల సంఘం 2022లో ఒక మాట స్పష్టంగా చెప్పినది: నికర ఉద్గారాలు సున్నాకు రావాలంటే, ఎంత ప్రయత్నించినా మిగిలిపోయే ఉద్గారాలకు బదులుగా కొంత వాయువును గాలినుండి తీయడం తప్పదు. భారతదేశం 2070 నాటికి ఆ నికర సున్నాకు చేరుతామని 2021లో గ్లాస్గో సభలో ప్రకటించినది. కనుక తొలగింపు అవసరమా అన్నది నేటి వివాదం కాదు. దేనిని తొలగింపు అనవలె అన్నదే వివాదం.

రెండు పనులు, ఒకే పేరు

పొగగొట్టం దగ్గర వాయువును పట్టి భూమిలో దాచితే, కొత్తగా గాలిలో చేరవలసినది చేరకుండా ఆగుతుంది. ఇది నివారణ. ఇదివరకే గాలిలో ఉన్న వాయువును తీసి, వందల వేల ఏండ్లు తిరిగి రాకుండా నిలిపితే, గాలిలోని మొత్తం తగ్గుతుంది. ఇది తొలగింపు. కారుతున్న కుళాయిని కట్టడం ఒకటి, తొట్టిలో నిండిన నీటిని తోడడం మరొకటి. రెండూ కావలసినవే. కాని కుళాయి సగం కట్టి, తోడినట్లు లెక్క వ్రాసుకొంటే తొట్టి పొంగక మానదు.

మన విధానంలోని మొదటి లోపం ఇక్కడనే కనబడుతున్నది. ప్యారిస్ ఒప్పందంలోని ఆరవ అధికరణం క్రింద ఇతర దేశాలతో కర్బన క్రెడిట్ల వ్యాపారానికి తగిన పనులు ఇవి అని కేంద్ర ప్రభుత్వం 2023 ఫిబ్రవరిలో 13 అంశాల జాబితా ప్రకటించినది. అందులో తొలగింపు కార్యకలాపాలు అనే శీర్షిక క్రింద ఉన్న అంశం ఒక్కటే: కర్బనాన్ని పట్టుట, వినియోగించుట, నిల్వచేయుట. బొగ్గు మండించిన పొగనుండి పట్టిన వాయువు ఈ శీర్షిక క్రిందికి రావడం శాస్త్రరీత్యా సరికాదు. ఆ కర్బనం నిన్నటి వరకు గనిలో ఉన్నది; గాలిలోనిది కాదు. దానిని ఎంత శ్రద్ధగా పట్టినా గాలిలోని మొత్తం ఒక్క పాలు కూడా తగ్గదు.

పేరులో ఏమున్నది అనుకోరాదు. క్రెడిటు కొన్న కర్మాగారం ఆ మేరకు తాను పొగ వదలవచ్చునని భావిస్తుంది. కొన్నది నిజమైన తొలగింపు అయితే లెక్క సరిపోతుంది. కొన్నది నివారణ అయితే ఒకచోట ఆగినది మరొకచోట వెలువడుతుంది. మిగిలేది శూన్యం కాదు, ఉద్గారమే.

ఇతర దేశాల చట్టాలలో ఈ తేడాకు స్థానం ఉన్నది. అమెరికా 2022 నాటి చట్టం ప్రకారం పొగగొట్టంనుండి పట్టి భూగర్భంలో దాచిన టన్నుకు 85 డాలర్ల పన్ను రాయితీ, నేరుగా గాలినుండి తీసి దాచిన టన్నుకు 180 డాలర్ల రాయితీ లభిస్తవి. ఐరోపా సమాజం 2024లో చేసిన చట్టం శాశ్వతమైన తొలగింపును, కర్బన సేద్యాన్ని, దీర్ఘకాలం మన్నే వస్తువులలోని నిల్వను వేర్వేరు తరగతులుగా విభజించినది. స్వీడన్ ప్రభుత్వం 2025 జనవరిలో స్టాక్‌హోమ్ నగరపు ఉష్ణ విద్యుత్ సంస్థకు సుమారు 2,000 కోట్ల క్రోనార్ల సహాయం మంజూరు చేసినది. అక్కడ మండేది బొగ్గు కాదు, చెక్క వ్యర్థాలు. చెట్టు గాలినుండి తీసుకొన్న కర్బనాన్ని పొగలో పట్టి సముద్రగర్భంలో దాచితే అది తొలగింపే అవుతుంది. ఏటా 8 లక్షల టన్నులు వారి లక్ష్యం.

మన ప్రయత్నాలలోని మంచి

మన ప్రభుత్వపు కృషిని తక్కువ చేయడం న్యాయం కాదు. నీతి ఆయోగ్ 2022 నవంబరులో వెలువరించిన నివేదిక 2050 నాటికి ఏటా 75 కోట్ల టన్నుల వాయువును పట్టవచ్చునని అంచనా వేసినది. 2026 ఫిబ్రవరి 1న సమర్పించిన కేంద్ర బడ్జెటులో విద్యుత్తు, ఉక్కు, సిమెంటు, చమురుశుద్ధి, రసాయన పరిశ్రమల కొరకు అయిదేండ్లలో 20,000 కోట్ల రూపాయలు ప్రతిపాదించబడినవి. సిమెంటు పరిశ్రమకు ఇది అత్యవసరం. బొగ్గు మాని సూర్యశక్తితో కొలిమిని వేడిచేసినా, సున్నపురాయి విడగొట్టబడినప్పుడు వాయువు రాక తప్పదు; పైన చెప్పిన 44 కిలోల లెక్క అదే. 2025 మే నెలలో కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ సిమెంటు రంగంలో అయిదు ప్రయోగ కేంద్రాలను ప్రకటించగా, వాటిలో ఒకదానిలో తిరుపతి ఐఐటి పాలుపంచుకొంటున్నది.

అయితే పట్టిన వాయువు చివరకు ఎక్కడికి పోతున్నది? ఎన్‌టిపిసి సంస్థ వింధ్యాచల్ విద్యుత్ కేంద్రంలో రోజుకు 20 టన్నుల వాయువును పట్టి, ఉదజనితో కలిపి, 10 టన్నుల మెథనాల్ చేసే ప్రయోగం చేపట్టినది. సాంకేతికంగా ఇది మెచ్చదగినదే. కాని మెథనాల్‌ను ఇంధనంగా మండిస్తే పట్టిన కర్బనం మళ్ళీ గాలిలో చేరుతుంది. ఒకసారి వెలువడవలసినది రెండు పనులు చేసి వెలువడినది, అంతే. దీనిని పొదుపు అనవచ్చును గాని తొలగింపు అనరాదు. పట్టుట, వినియోగం, నిల్వ అనే మూడు మాటలను ఒకే మూటగా కట్టడంలో ఉన్న చిక్కు ఇదే. వినియోగం, నిల్వ ఒకటి కావు.

ఇక గాలినుండి నేరుగా తీసే యంత్రాల సంగతి. పొగలో ఈ వాయువు నూటికి పది పన్నెండు పాళ్ళు ఉంటే, గాలిలో పదివేలకు నాలుగు పాళ్ళు మాత్రమే. ఉష్ణగతిక శాస్త్రం ప్రకారం గాలినుండి ఒక టన్ను వేరుచేయడానికి కనీసం 120 యూనిట్ల శక్తి కావలె. ఆచరణలో అది పదిరెట్లకు మించి, వేడిని కూడా కలుపుకొంటే 2,000 యూనిట్ల వరకు అవుతుంది. మన గ్రిడ్‌లో ఒక యూనిట్ విద్యుత్తు వెనుక సుమారు 700 గ్రాముల బొగ్గుపులుసు వాయువు ఉన్నది. ఆ శక్తి అంతా గ్రిడ్‌నుండే తీసుకొంటే ఒక టన్ను తీయడానికి 1,400 కిలోలు వదలవలసి వస్తుంది. ఐస్‌లాండ్ దేశంలో భూతాపంతో ఇటువంటి యంత్రాలు నడుపుతున్నారు. 2024లో ప్రారంభమైన అక్కడి మామత్ కేంద్రం పూర్తి సామర్థ్యం ఏటికి 36,000 టన్నులు. భారతదేశం ఏటా 300 కోట్ల టన్నులకు పైగా వెలువరిస్తున్నది. అనగా ఆ కేంద్రం సంవత్సరమంతా పూర్తి శక్తితో పనిచేసినా తీయగలిగినది మన దేశం ఆరేడు నిమిషాలలో వదిలేదే!

ప్రపంచం మొత్తంలో అడవులు కాక కొత్త పద్ధతులన్నిటి ద్వారా జరుగుతున్న తొలగింపు, 2024లో ప్రకటింపబడిన శాస్త్రజ్ఞుల అంచనా ప్రకారం, ఏటికి 13 లక్షల టన్నులు. అందులో అధిక భాగం ఈ యంత్రాలది కాదు. పంట వ్యర్థాలను, కట్టెను బొగ్గుగా మార్చి నేలలో కలిపే పద్ధతిది. ఈ మాటతో మన పరిశీలన పొగగొట్టాలనుండి పొలాలకు మళ్ళుతుంది.

నడిగడ్డ పత్తి కట్టె

కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డ పత్తి విత్తనోత్పత్తికి ప్రసిద్ధి. పత్తి తీత ముగిసిన తరువాత కట్టె చేలలో మిగులుతుంది. గులాబీ రంగు పురుగు మరుసటి పంటకు సోకకుండా కట్టెను త్వరగా తొలగించవలెనని వ్యవసాయ శాఖ హెచ్చరిస్తుంది. రైతులలో కొందరు పొయ్యికి వాడుకొంటారు, కొందరు చేలోనే తగులబెడతారు. తగులబెట్టితే మొక్క ఆరునెలలు శ్రమించి గాలినుండి తీసుకొన్న కర్బనం అరగంటలో గాలికి పోతుంది.

అదే కట్టెను గాలి తగినంత అందకుండా మూసిన కొలిమిలో కాల్చితే బొగ్గు మిగులుతుంది. హైదరాబాదులోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ పత్తి కట్టెనుండి ఇటువంటి బొగ్గును తయారుచేసే కొలిమిని రూపొందించి పరిశోధనలు ప్రకటించినది. ఉజ్జాయింపు లెక్క ఇట్లుంటుంది: ఒక టన్ను ఎండు కట్టెకు 300 కిలోల బొగ్గు, అందులో నూటికి 70 పాళ్ళు కర్బనం అనుకొంటే 210 కిలోల కర్బనం. దానిని 44 చేత గుణించి 12 చేత భాగిస్తే 770 కిలోల బొగ్గుపులుసు వాయువు. ఇది గాలినుండి వచ్చినది, నేలలో నిలిచేది. కనుక పేరుకు తగిన తొలగింపు.

కాని తీసివేతలు ఉన్నవి. కొలిమి సరిగా నడవక, పొగతోపాటు 10 కిలోల మీథేను వాయువు తప్పించుకొనిపోయిందనుకొందాము. నూరేండ్ల లెక్కలో అది బరువుకు బరువుగా 27 రెట్లు ఎక్కువ వేడిమి కలిగిస్తుంది. కాబట్టి 270 కిలోలు తీసివేయవలె, మిగిలినది 500. ట్రాక్టరు డీజిలు మరికొంత. అన్నిటికంటె ముఖ్యమైనది మరొకటి ఉన్నది. ఆ కట్టె ఇదివరకు ఒక ఇంటి పొయ్యిలో మండుతుండినదైతే, ఇప్పుడు ఆ ఇల్లాలు కట్టెలకు ఎక్కడికి పోవలె? నాగర్‌కర్నూలు జిల్లాలో అయితే నల్లమల అంచులనుండి పుల్లలు తేవలసి వస్తుంది. ఆ భాగం కూడా తీసివేయవలసినదే. బొగ్గు ఎంత కాలం నిలుస్తుందన్నది కూడా కాల్చిన వేడిమిని బట్టి మారుతుంది. ప్రయోగశాలలో ఉదజని, కర్బనాల అణువుల నిష్పత్తిని కొలిచి, అది 0.7కు తక్కువ ఉంటేనే మన్నికైన బొగ్గుగా పరిగణిస్తారు.

రైతుకు కలిగే లాభం కూడా నేలనుబట్టి ఉంటుంది. ఎర్ర చెల్కలలో ఈ బొగ్గు తేమను, ఎరువును కొంత పట్టి ఉంచవచ్చును. బొగ్గు స్వభావం క్షారం కాబట్టి, ఇదివరకే క్షారగుణం గల నల్లరేగడిలో అదే ఫలితం ఆశించరాదు. నేల పరీక్ష లేకుండా జిల్లా అంతటా ఒకే మోతాదు సిఫారసు చేయడం శాస్త్రీయం కాదు.

రాతిపొడి, సారాయి బట్టీ

మరొక మార్గం రాతిది. నల్లరాతి పొడిని పొలంలో చల్లితే, వాననీటిలో కరిగిన బొగ్గుపులుసు వాయువు ఆ రాతితో చర్యపొంది, బైకార్బనేటుగా మారి నీటిలో నిలుస్తుంది. భారతదేశపు చిన్న రైతుల పొలాలలో ఈ పని చేస్తున్న మాటి కార్బన్ సంస్థకు 2025 ఏప్రిల్‌లో 5 కోట్ల డాలర్ల అంతర్జాతీయ బహుమతి లభించినది. గద్వాలకు తన పేరిటనే ఒక హరితశిలా మేఖల ఉన్నది; అది 250 కోట్ల ఏండ్లకు పైబడిన అగ్నిపర్వత శిలల సన్నని పట్టీ. కాని దానిని చూసి తొందరపడరాదు. పురాతన కాలంలోనే వేడికి, ఒత్తిడికి రూపుమారిన ఆ ఖనిజాలు తాజా దక్కను నల్లరాతికంటె నెమ్మదిగా కరుగుతవి. రాతిని పొడిచేయడానికి విద్యుత్తు కావలె. పొడిలో నికెలు, క్రోమియం ఎంత ఉన్నవో చూడవలె. అంతేకాక, యూరియా వంటి ఎరువులవల్ల నేలలో పుట్టిన నత్రికామ్లం ఆ రాతిని కరిగిస్తే, గాలిలోని వాయువు ఏమాత్రం తగ్గదు. రాయి కరిగినది నిజమే, తొలగింపు జరిగినది మాత్రం అబద్ధం. చల్లిన పొడి బస్తాలను లెక్కించి క్రెడిటు ఇచ్చే విధానం ఇక్కడనే మోసపోతుంది. కొలవవలసినది నేలలోని, నీటిలోని మార్పును.

మూడవది ఇథనాల్. చక్కెర పులిసినప్పుడు 92 గ్రాముల ఇథనాల్‌తోపాటు 88 గ్రాముల బొగ్గుపులుసు వాయువు వస్తుంది. అది దాదాపు స్వచ్ఛమైనది. పొగనుండి వేరుచేసే శ్రమ లేదు. ధాన్యం గాలినుండి తెచ్చిన కర్బనమే కాబట్టి, దీనిని పట్టి దాచితే తొలగింపు అవుతుంది. కేవలం రసాయన శాస్త్రమే ప్రమాణమైతే ఇంతకంటె తేలిక మార్గం మరొకటి లేదు.

కాని జిల్లా అనుభవం వేరొక పాఠం చెబుతున్నది. గద్వాల జిల్లా రాజోలి మండలంలోని పెద్ద ధన్వాడ వద్ద ఇథనాల్ కర్మాగార నిర్మాణాన్ని 2025 జూన్‌లో చుట్టుపక్కల గ్రామాల ప్రజలు తీవ్రంగా ప్రతిఘటించారు. నీరు, గాలి, పొలాలు చెడుతాయన్నది వారి భయం. దేశానికి ఇంధనం, ప్రపంచానికి వాతావరణం అని ఎంత చెప్పినా, తమ బోరునీటి సంగతి చెప్పని విధానాన్ని గ్రామం అంగీకరించదు. పైగా ఈ మూడు జిల్లాల నేల అడుగున అధిక భాగం గ్రానైటు, నైస్ శిలలే. ఐస్‌లాండ్‌లో నల్లరాతి పొరలలోనికి పంపిన వాయువులో నూటికి 95 పాళ్ళు రెండేండ్లలోపున రాయిగా మారినదని 2016లో ప్రకటించారు. గ్రానైటులో అట్టి ఆశ లేదు. దక్కను నల్లరాతిలో నిల్వ చేసే అవకాశాన్ని హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ పరిశీలించినది. అక్కడికి వాయువును చేర్చే గొట్టాలు, ఖర్చు వేరు లెక్క.

విధానానికి ఉండవలసిన తూకాలు

దీనినిబట్టి ప్రభుత్వ విధానం నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పిన తరువాతనే విస్తరణకు పూనుకోవలె. కర్బనం ఎక్కడినుండి వచ్చినది: గనినుండియా, గాలినుండియా? ఎక్కడ, ఎంతకాలం నిలుస్తుంది? అన్ని తీసివేతలు పోగా నికరంగా మిగిలినది ఎంత? లాభం ఎవరిది, నష్టం ఎవరిది?

మొదటి ప్రశ్నకు జవాబుగా 2023 నాటి జాబితాను సవరించి, నివారణను, తొలగింపును వేరు శీర్షికలుగా వ్రాయవచ్చును. ఇందుకు కాణీ ఖర్చు లేదు. రెండవ, మూడవ ప్రశ్నలకు జిల్లాలలో కొలత కావలె. 20,000 కోట్లలో నూటికి ఒక వంతు, అనగా 200 కోట్లు, నేల, నీరు, కొలిమి పొగల పరీక్షలకు కేటాయించినా వ్యవసాయ కళాశాలలు, డిగ్రీ కళాశాలలు ఈ పనికి సిద్ధపడగలవు. టన్ను నిలిచిన తరువాతనే ధనం ఇచ్చే పద్ధతి మంచిది. యంత్రం కొన్నందుకు ఇచ్చే రాయితీ యంత్రాలను పెంచుతుంది గాని గాలిని శుద్ధిచేయదు.

నాలుగవ ప్రశ్న కఠినమైనది. కట్టె కౌలు రైతుది, పట్టా భూస్వామిది, కొలిమి కంపెనీది, క్రెడిటు విదేశీ కొనుగోలుదారునిది అయినప్పుడు పంపకం ఎట్లా? నేలలో కలిపిన బొగ్గును వెనుకకు తీయలేము. నలభై ఏండ్ల తరువాత ఆ పొలం ఎవరి చేతిలో ఉన్నా ఆ మార్పు దానితోనే ఉంటుంది. కాబట్టి ఒప్పందం తెలుగులో ఉండవలె, గ్రామసభలో చదివి వినిపించవలె, కౌలుదారుని పేరు అందులో ఉండవలె.

ఇవన్నీ ఆలస్యానికి సాకులని కొందరు అనవచ్చును. వాతావరణం ఆగదు గదా అన్న వారి ఆతురత సహేతుకమే. కాని కొలవకుండా విస్తరించిన పథకం ఒకసారి అప్రతిష్ఠ పాలైతే, తరువాత నిజమైన పనిని కూడా రైతు నమ్మడు. అంతకంటె పెద్ద ఆలస్యం లేదు. అన్నిటికంటె చౌకైన టన్ను వెలువడకుండా ఆగినదే; తొలగింపు దానికి ప్రత్యామ్నాయం కాదు, దాని తరువాతి పని.

ఉపాధ్యాయులు తరగతిలో 44 చేత గుణించి 12 చేత భాగించే లెక్కను సున్నపు తేట ప్రయోగంతోపాటు నేర్పవచ్చును. విద్యార్థులు తమ ఊరి పత్తి కట్టె, వరిగడ్డి, వేరుశనగ పొట్టు ఎన్ని బండ్లో, అవి ఇప్పుడు ఎవరి ఇంట ఏ పనికి వాడబడుతున్నవో పట్టిక తయారుచేయవచ్చును. రేపు ఒక కంపెనీ ప్రతినిధియో, అధికారియో ఊరికి వచ్చి ఇన్ని టన్నులు తొలగిస్తామని చెప్పినప్పుడు, ఆ పట్టిక చేతిలో పట్టుకొని ప్రశ్న అడిగే పిల్లవాడు ఆ ఊళ్ళో ఉండడం అవసరం.